ఒక తవిటమ్మా, ముగ్గురా? ఉద్దానం కిడ్నీ జాబితా శుభ్రం చేయడానికి సలహా కావాలి

కంచిలి_కీబోర్డు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక ఆసుపత్రిలో డేటా ఎంట్రీ చేస్తాను. కిడ్నీ రోగుల రిజిస్ట్రీకి (రోగుల వివరాలన్నీ ఒకచోట చేర్చే నమోదు) మా జాబితా పంపాలి, నెలాఖరు గడువు. ఓపీ చీటీలు, ఆశాలు ఊళ్లలో నింపిన స్క్రీనింగ్ ఫారాలు, డయాలసిస్ గదిలోని పెద్ద పుస్తకం, ఈ మూడింటినీ కలిపి ఒకే ఎక్సెల్ చేశాం. చేసిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఫోన్ నంబరు. మూడు వరసలున్నాయి. తవిటమ్మ, 52 ఏళ్లు, క్రియాటినిన్ (రక్త పరీక్షలో ఇది పెరిగితే కిడ్నీ సరిగ్గా పనిచేయట్లేదని) 1.4. తవిటమ్మ, 55 ఏళ్లు, 4.1. తవిటమ్మ, 50 ఏళ్లు, 14. మా పైఅధికారి చూసి "ఒకే మనిషి, 1.4ని తిరగేసి 4.1 కొట్టావు, చుక్క మర్చిపోయి 14 కొట్టావు, రెండు తీసేయ్" అన్నారు. తీసేస్తే పని అయిపోతుంది. కానీ చెయ్యి రావట్లేదు. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. మీరైతే ఏం చేస్తారు?

స్క్రీన్‌షాట్ పెడుతున్నాను చూడండి.

*[చిత్రం తొలగించాం. రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు కనిపిస్తున్నాయి. 2023 డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, మన ఇంట్లోవాళ్ల రిపోర్టు ఇలా బయట పడితే మనకెలా ఉంటుంది? వరసల్ని మాటల్లో చెప్పండి, చాలు. నిర్వాహకుడు]*

సోంపేట_పాత_సూపర్‌వైజర్ | సోమవారం, రాత్రి 10:15

బాబూ, తీసేయకు. నీ చెయ్యి రాకపోవడమే మంచిదయింది.

నేను ఆరోగ్య శాఖలో రిటైరైన మనిషిని. మన జిల్లాలో తవిటమ్మ, తవిటయ్య అన్న పేర్లు ఎందుకింత ఎక్కువో ఈ తరానికి తెలియకపోవచ్చు. ముందు పిల్లలు పోయి పోయి ఒకరు నిలిస్తే, దిష్టి తగలకుండా చేటెడు తవుడిచ్చి కొనుక్కున్నట్టు చేసేవారు. అందుకని తవిటమ్మ. అలాంటి ఇళ్లు ఊరికి పది ఉంటాయి, కాబట్టి తవిటమ్మలూ పది మంది ఉంటారు. అప్పలమ్మల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఫోన్ నంబరు చూసి ఒకే మనిషి అనుకోవద్దు. ఇంటికి ఒక ఫోను, అదీ కొడుకు దగ్గర. ఆ కొడుకు చెన్నైలోనో వెరావల్‌లోనో ఉంటాడు. వయసు చూసి వేరు మనుషులనుకోవడమూ తప్పే. 50, 52, 55 ఒకే మనిషి మూడు రోజుల్లో చెప్పే వయసులు. నేను సర్వే రోజుల్లో చూశాను, మా పుస్తకాల్లో అందరి వయసులూ సున్నాతోనో అయిదుతోనో ముగిసేవి. రేషన్ కార్డులోదొకటి, ఓటరు కార్డులోదొకటి, ఆధార్‌లో జనవరి 1. ఏది నిజమో ఆవిడకే తెలియదు.

భర్త పేరు గడిలో ఏముందో చూశావా? పెళ్లయిన ఆడమనిషిని పోల్చుకోవడానికి మన దగ్గర అదే మొదటి ఆనవాలు.

బొబ్బిలి_బైట్ | సోమవారం, రాత్రి 10:52

మాది బొబ్బిలి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఇంత చర్చ ఎందుకో అర్థం కావట్లేదు. పేరు, వయసు, ఊరు పెట్టి మనిషిని పోల్చడం పాత పద్ధతి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021లో వచ్చింది, ఆరోగ్య రికార్డులకి 14 అంకెల ఆభా నంబరు ఉంది. అది లేకపోతే ఆధార్. 12 అంకెల్లో చివరిది వెర్హాఫ్ పద్ధతి చెక్ అంకె. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా సిస్టమ్ పట్టేస్తుంది. నంబరు లేకుండా ఎంట్రీ తీసుకోకూడదని రూల్ పెడితే డూప్లికేట్లు ఉండవు.

సబ్‌సెంటర్_సిస్టర్ | మంగళవారం, ఉదయం 6:05

బొబ్బిలి తమ్ముడూ, పొద్దున్నే ఫీల్డుకి వెళ్లే ముందు రాస్తున్నాను, కోపగించుకోకు.

చెక్ అంకె తప్పు నంబరును పడుతుంది, సరే. వేరేవాళ్ల సరైన నంబరును పట్టదు కదా. తల్లిని కొడుకు తీసుకొస్తాడు. కార్డు ఏదమ్మా అంటే ఇంట్లో ఉండిపోయిందంటుంది. కొడుకు తన కార్డు ఇస్తాడు. వెనక క్యూలో నలభై మంది. నంబరు లేకపోతే ఫారం ముందుకు పోదు. ఏం చేస్తారు? ఏదో ఒకటి కొడతారు. తప్పనిసరి అని ఎర్ర చుక్క పెట్టిన ప్రతి గడీ అబద్ధానికి తలుపు తెరిచినట్టే.

ఇంకొకటి. మా ఫారంలో "సిగరెట్ తాగుతారా" అని ఉండేది. నేను చేరిన కొత్తలో అలాగే అడిగేదాన్ని. ఆడవాళ్లందరూ లేదమ్మా అనేవారు, నేను "లేదు" నొక్కేదాన్ని. ఒకరోజు ఒక మామ్మ నాకు జవాబు చెప్తూనే చుట్ట వెలిగించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసేసింది. అడ్డచుట్ట! సిగరెట్ కాదు కాబట్టి ఆవిడ నిజమే చెప్పింది. నేను రాసిందే తప్పు. ఆ రోజు నుంచి "చుట్ట గానీ, అడ్డచుట్ట గానీ, పాన్ గానీ అలవాటుందా" అని అడుగుతున్నాను. అదివరకు రాసినవన్నీ రిజిస్ట్రీలో ఇప్పటికీ "లేదు" అనే ఉన్నాయి.

నొప్పి మాత్రలదీ ఇదే కథ. "పెయిన్ కిల్లర్ వాడతారా" అంటే లేదు. "ఒళ్లు నొప్పులకి షాపులో బిళ్లలు కొంటారా" అంటే రోజూ అంటారు.

బొబ్బిలి_బైట్ | మంగళవారం, ఉదయం 8:30

సిస్టర్ గారూ, కోపం ఎందుకండి. అడ్డచుట్ట విషయం మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నంబరు ఉంటే చాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నంబరు వద్దని మాత్రం అనను. నంబరు, భర్త లేదా తండ్రి పేరు, ఊరు, ఈ మూడూ కలిసినప్పుడే ఒకే మనిషి అనాలి. రెండే కలిస్తే అనుమానం జాబితాలో పెట్టి మనిషి చూడాలి. పేర్లను మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో పోల్చకండి. లక్ష్మిని ఒకరు ఎక్స్‌తో, ఒకరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు. తెలుగులోనే ఎక్కిస్తే సగం గొడవ పోతుంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా పేర్లకి వేరే తంటా ఉంటుందనుకుంటా.

ల్యాబ్_బల్ల_వెనక | మంగళవారం, మధ్యాహ్నం 2:20

ల్యాబ్ వాడిని కాబట్టి ఆ 14 దగ్గర ఆగిపోయాను. అందరూ మనిషి ఎవరని చూస్తున్నారు, అంకె ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

మా దగ్గర జరిగింది చెప్తాను. గల్ఫ్ నుంచి వచ్చిన ఒకాయన అక్కడి రిపోర్టు తెచ్చాడు, క్రియాటినిన్ 124. అక్కడ మైక్రోమోల్స్‌లో రాస్తారు. 88.4తో భాగిస్తే మన మిల్లీగ్రాముల్లో 1.4 వస్తుంది. మా కంప్యూటర్ గడి 25 దాటితే తీసుకోదు. అంటే ఆ రేంజి పెట్టినవాళ్లు మంచికే పెట్టారు. కానీ ఎంట్రీ కుర్రాడు 124 కొట్టాడు, ఎర్ర గీత వచ్చింది. చుక్క మర్చిపోయారు కాబోలనుకుని 12.4 కొట్టాడు. పచ్చగా తీసుకుంది. నడుచుకుంటూ వచ్చి నడుచుకుంటూ వెళ్లిన మనిషి కాగితాల్లో డయాలసిస్ అంచున ఉన్నాడు. అడ్డుకోవాల్సిన గేటే తప్పుకి దారి చూపించింది. గడి పక్కన యూనిట్ ఎంచుకునే చోటు ఒకటి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

పద్ధతి గొడవ ఇంకోటి. చాలా ల్యాబుల్లో ఇప్పటికీ జాఫే పద్ధతి, పిక్రిక్ ఆమ్లంతో రంగు చూసేది. రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) ఎక్కువున్నా, కొన్ని యాంటీబయాటిక్స్ వాడుతున్నా అది తప్పుదారి పడుతుంది. ఎంజైమ్ పద్ధతికి ఈ ఇబ్బంది తక్కువ. ఊళ్లో పొద్దున తీసిన రక్తం ఎండలో బండి మీద తిరిగి మధ్యాహ్నానికి మా దగ్గరికి వస్తే, సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేరు చేయడం ఆలస్యమై జాఫేలో విలువ పెరిగినట్టు కనిపించొచ్చు. రిజిస్ట్రీలో మాత్రం అంకె ఒక్కటే ఉంటుంది. ఏ పద్ధతో, రక్తం ఎప్పుడు తీశారో, ఎప్పుడు పరీక్ష చేశారో రాసే గడే ఉండదు. ఒకే మనిషికి 1.1, 1.4 వచ్చిందంటే జబ్బు ముదిరిందనుకుంటారు. ల్యాబ్ మారి ఉంటుంది, అంతే.

పీజీ_హాస్టల్_రూమ్_7 | మంగళవారం, రాత్రి 11:10

కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. ల్యాబ్ అన్నయ్య చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను.

క్రియాటినిన్ సరిగ్గా ఉన్నా మిగతా గడులు తప్పితే ఫలితం తప్పుతుంది. కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే అంకెని వయసు, ఆడా మగా, క్రియాటినిన్ నుంచి లెక్కకడతాం. 2021 నాటి సీకేడీ-ఎపీ సూత్రంలో (సీకేడీ అంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) వేసి చూడండి. 45 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.2 ఉంటే 76 వస్తుంది. అదే వయసు, అదే 1.2, ఆడమనిషి అయితే 57. గీత 60 దగ్గర, అంతకన్నా తగ్గితే జబ్బు వైపు లెక్క. ఆ ఒక్క బటన్ తప్పు నొక్కితే ఆరోగ్యవంతుడు రోగి అవుతాడు, లేదా రోగి జాబితాలోంచి జారిపోతుంది. విజయనగరం వైపు పైడితల్లి అనే పేరు మగవాళ్లకీ ఉంటుంది. పేరు చూసి ఎంట్రీ ఆపరేటర్ "స్త్రీ" అని కొట్టేయడం నేను కళ్లారా చూశాను.

రెండోది. కనీసం మూడు నెలలు నిలిచి ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అనాలి. మే నెలలో జీడితోటలో ఎండకి పని చేసి, నీళ్లు తాగకుండా శిబిరానికొచ్చిన మనిషికి ఆ రోజు క్రియాటినిన్ ఎక్కువ రావచ్చు. రెండో పరీక్ష తేదీ లేని వరసలన్నీ "అనుమానం" కింద ఉండాలి, "రోగి" కింద కాదు. మీ ఎక్సెల్‌లో రెండో తేదీ గడి ఉందా?

మూడోది నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది. మన ఉద్దానం ప్రత్యేకతే "కారణం తెలియని" కిడ్నీ జబ్బు. 2019లో వచ్చిన ఒక అధ్యయనం 2,210 మందిని చూసి 18.23 శాతం మందిలో కిడ్నీ జబ్బు ఉందంది, వాళ్లలో ఎక్కువమందికి కారణం తెలియలేదు. అక్కడ "తెలియలేదు" అంటే షుగరు, బీపీ లాంటివి చూసి, కావని తేల్చి, అప్పుడు రాసిన మాట. మన ఎక్సెల్‌లో కారణం గడి ఖాళీగా ఉంటే ఏమవుతుంది? ఎవరో ఫిల్టర్ పెట్టి ఖాళీలన్నిట్లో "తెలియదు" నింపేస్తారు. వెతికినా తెలియకపోవడం ఒకటి, అసలు ఎవరూ అడగకపోవడం ఒకటి. ఆ రెండూ కలిసిపోతే ఈ ప్రాంతంలో ఏళ్ల తరబడి వెతుకుతున్న ప్రశ్నే పాడైపోతుంది.

దేశం మొత్తం మీద నెఫ్రాలజిస్టుల సంఘం నడిపిన సీకేడీ రిజిస్ట్రీ 2012లో 52,273 మంది పెద్దల వివరాలు ప్రచురించింది. అందులో కూడా 16 శాతానికి కారణం తేలలేదు. అది గొప్ప పని. కానీ కిడ్నీ డాక్టరు దాకా వెళ్లగలిగినవాళ్లే అందులోకి వచ్చారు. మన మామ్మలు ఎంతమంది వెళ్తారు?

వజ్రపుకొత్తూరు_అలలు | బుధవారం, ఉదయం 7:45

ఇవన్నీ చదువుతుంటే ఒకటే అనిపిస్తోంది. సగం మంది పింఛను కోసం రిపోర్టులు తెస్తున్నారు. డయాలసిస్ వాళ్లకి 2019లో 10 వేలు చేసిన దగ్గర్నుంచీ ఈ రద్దీ. ముందు ఆ దొంగ రిపోర్టులు పట్టుకోండి, చుక్కలూ గడులూ తర్వాత చూసుకోవచ్చు.

సబ్‌సెంటర్_సిస్టర్ | బుధవారం, మధ్యాహ్నం 1:15

డయాలసిస్ ఎవరూ దొంగగా చేయించుకోరండి. వారానికి రెండు మూడుసార్లు సూదులు పొడిపించుకుని నాలుగేసి గంటలు పడుకోవాలి.

అయితే ఒక మాట నిజం. పింఛను, రిజిస్ట్రీ ఒకే కాగితం మీద నడిస్తే ఇద్దరికీ కష్టమే. పింఛను ఆగిపోతుందేమోనని చనిపోయినవాళ్ల సంగతి ఇంట్లోవాళ్లు ఆలస్యంగా చెప్తారు. జబ్బు బయటపడితే ఆడపిల్లకి సంబంధాలు రావేమోనని ఇంకో ఇంట్లో అసలు చెప్పరు. పెంచి చెప్పేవాళ్లూ ఉన్నారు, దాచేవాళ్లూ ఉన్నారు. దాచేవాళ్లే ఎక్కువని నా అనుభవం.

నాన్న_గుర్తుగా | బుధవారం, రాత్రి 9:05

ఎప్పుడూ చదివి వెళ్లిపోతుంటాను, మొదటిసారి రాస్తున్నాను. మాది మందస దగ్గర. మా నాన్నకి డయాలసిస్ ఎప్పుడు మొదలైందని ఎవరడిగినా ఆయన "తిత్లీకి ముందు" అనేవారు. 2018 అక్టోబరు తుఫానుకి మా కొబ్బరి చెట్లన్నీ పోయాయి, ఆయన జీవితానికి అదే క్యాలెండరు. ఒక కాగితంలో అది 2018, ఇంకోదాంట్లో 2019, ఒకదాంట్లో 2016.

మొదట బరంపురంలో చూపించాం, తర్వాత విశాఖ, తర్వాత ఊరికి దగ్గర్లో. మూడు చోట్లా మూడు నంబర్లు. ఆయన పోయారు. పోయిన నాలుగు నెలలకి ఫోనొచ్చింది, "రెండు నెలలుగా డయాలసిస్‌కి రావట్లేదేంటండి" అని. అమ్మ ఎత్తింది. ఆ పిల్ల తప్పేమీ కాదు, ఆ పిల్ల ముందున్న స్క్రీన్ మీద నాన్న ఇంకా బతికే ఉన్నారు.

మరణ ధ్రువపత్రంలో కారణం "గుండె ఆగిపోవడం". ఎవరికైనా చివరికి గుండే కదా ఆగేది. కిడ్నీ అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

సోంపేట_పాత_సూపర్‌వైజర్ | బుధవారం, రాత్రి 9:50

బాబూ, అమ్మగారిని అడిగానని చెప్పు.

మరణాల సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. కేన్సర్ రిజిస్ట్రీలు మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఆధ్వర్యంలో 1981 నుంచి నడుస్తున్నాయి. తమ లెక్క ఎంత నికరమో చూసుకోవడానికి వాళ్లకి రెండు కొలతలున్నాయి. ముక్క పరీక్షతో (బయాప్సీ) ఖాయమైన కేసులు ఎన్ని, చావు కాగితం ద్వారా మాత్రమే తెలిసిన కేసులు ఎన్ని అని. రెండోది ఎక్కువుంటే, మనిషి బతికుండగా మనకి తెలియలేదని అర్థం. పంచాయతీలో మరణాల పుస్తకం నెలనెలా తెచ్చి మన జాబితా పక్కన పెట్టుకోవడం కిడ్నీకీ పనికొస్తుంది. దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం చాలు. ధ్రువపత్రంలో కింది గీతలు ఉంటాయి, "దేని వల్ల" అని. పై గీతలో గుండె అని రాసి ఊరుకుంటారు, ఆ కింది గీతలు నింపే ఓపిక ఎవరికీ ఉండదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. రేపు అక్కడి పరిశోధకులు వాడుకునేది మనం పంపే ఈ వరసల్నే కదా.

కంచిలి_కీబోర్డు | శనివారం, రాత్రి 8:25

ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. సూపర్‌వైజర్ గారు చెప్పినట్టు భర్త పేరు గడి చూశాను. 1.4 వరసలో ఖాళీ. 4.1 వరసలో అప్పారావు. 14 వరసలో సింహాచలం. ఇవాళ మా ఏఎన్ఎం (ఊళ్లు తిరిగే నర్సు) గారితో కలిసి ఆ ఊరు వెళ్లాను. అసలు కాగితాలన్నీ పట్టుకెళ్లాను.

ఫోన్ నంబరు ఒక అబ్బాయిది, చెన్నైలో ఉన్నాడు. ఇల్లు దొరకడం కష్టం కాలేదు. తవిటమ్మ గారింటికి అనగానే అరుగు మీద కూర్చున్న ముసలాయన "పెద్దావిడా, చిన్నావిడా?" అన్నాడు.

ఇద్దరున్నారు. తోటికోడళ్లు. అన్నదమ్ములు సింహాచలం, అప్పారావు. అందుకే ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, ఫోను ఒకటే. సింహాచలం భార్యది 1.4. 14 కూడా ఆవిడదే. కార్బన్ కాపీ చీటీలో చుక్క పడలేదు, వెలుగులో పెట్టి చూస్తే చిన్న గుంత మాత్రం ఉంది. 4.1 అప్పారావు భార్యది. తిరగేసిన 1.4 కాదు, నిజంగానే 4.1. ఓపీ చీటీ ఆవిడ బియ్యం డబ్బాలో దాచుకుంది, చూపించింది. కాళ్లు వాచి ఉన్నాయి. మళ్లీ పరీక్షకి రమ్మని ఎవరూ చెప్పలేదంది. చెప్పారేమో కూడా, ఫోను చెన్నైలో మోగి ఉంటుంది.

నేను సోమవారం రాత్రే తీసేసి ఉంటే పోయేది ఆ వరసే.

పీజీ_హాస్టల్_రూమ్_7 | శనివారం, రాత్రి 8:50

4.1, 55 ఏళ్లు అంటే ఈజీఎఫ్ఆర్ 12 దగ్గర. మూడు నెలల నియమం జాబితాలో రాయడానికి మాత్రమే, ఆవిడ మూడు నెలలు ఆగకూడదు. సోమవారమే డాక్టరుకి చూపించమనండి.

మిగతా వరసలకి ఒక సలహా. నెలనెలా ఇష్టమొచ్చినట్టు కాకుండా లాటరీలా చీట్లు తీసి కొన్ని వరసలు ఎంచుకుని, అసలు కాగితంతో పోల్చండి. ఎన్ని అంటారా? 20 చూసి ఒక్క తప్పూ దొరక్కపోతే సంబరపడకండి, అసలు జాబితాలో తప్పులు 15 శాతం దాకా ఉండొచ్చు. తప్పు దొరకనప్పుడు మూడుని చూసిన సంఖ్యతో భాగించడం మా లెక్కల మాస్టారు నేర్పిన చిట్కా. 60 చూస్తే 5 శాతానికి దిగుతుంది.

కంచిలి_కీబోర్డు | శనివారం, రాత్రి 9:10

సోమవారం 108 కాకుండా మా స్టాఫ్ ఆటోలోనే తీసుకెళ్తున్నాం, ఏఎన్ఎం గారు మాట్లాడారు. 60 వరసలు ఈ నెల చూస్తాను. పైఅధికారికి ఇవాళ జరిగింది చెప్పాను. ఏమీ అనలేదు. గడువు మాత్రం వారం పెంచారు.

ల్యాబ్_బల్ల_వెనక | శనివారం, రాత్రి 9:30

ఆ కార్బన్ చుక్క సంగతి నన్ను వదలట్లేదు. సోమవారం నుంచి మా దగ్గర 1.4 అని రాయం, 1.40 అని రాస్తాం. చుక్క పోతే 140 అవుతుంది, ఎవరికైనా అనుమానం వచ్చి ఫోన్ చేస్తారు. 14 అయితే ఎవరూ చేయరు, మన ఊళ్లలో 14 ఉన్న మనుషులు నిజంగానే ఉన్నారు కాబట్టి.

బొబ్బిలి_బైట్ | శనివారం, రాత్రి 9:34

ఇది బాగుంది అన్నా. అయితే 140 కొట్టినప్పుడు ఎర్ర గీత చూసి 14.0 కొట్టే కుర్రాడు ఉంటాడు, మీరే చెప్పారు కదా. ఎర్ర గీత వస్తే అంకె మార్చనివ్వకుండా "కాగితం మళ్లీ చూడాలి" అని పక్కన పెట్టేలా చేయాలి. కంచిలి బ్రదర్, ఎక్సెల్‌లో దానికి చిన్న మ్యాక్రో రాసిస్తాను. పేషెంట్ల పేర్లు లేకుండా ఖాళీ షీటు పంపండి చాలు.

సబ్‌సెంటర్_సిస్టర్ | ఆదివారం, ఉదయం 6:20

ఆ ముసలాయనకి ఉన్న తెలివి మన ఫారానికి లేదు చూశారా. ఊరంతా పెద తవిటమ్మ, చిన తవిటమ్మ అనే పిలుస్తుంది. ఆ మాట రాసుకోవడానికి గడి ఉందా మీ దగ్గర?

కంచిలి_కీబోర్డు | ఆదివారం, ఉదయం 7:02

లేదు సిస్టర్. రిమార్కుల గడిలో రాశాను. పెద తవిటమ్మ దగ్గర "14 తప్పు, చీటీ చూశాను" అని కూడా రాశాను. చిన తవిటమ్మ దగ్గర కొత్త ఫోన్ నంబరు, ఎదురింటి కిరాణా కొట్టుది. ఆవిడే ఇచ్చింది.